మిరప కోతల రోజులలో ఇంటి వంట

గడచిన మాఘమాసములో చిల్లకల్లు దగ్గర ఒక కంది కళ్ళములో రైతులతో మాట్లాడు అవకాశము కలిగినది. లాం పరిశోధనా స్థానమునుండి వచ్చిన ఎల్.ఆర్.జి. 41, ఎల్.ఆర్.జి. 52 రకములను గూర్చి, ఎండు తెగులును గూర్చి, కాయతొలుచు పురుగును గూర్చి గంటసేపు చెప్పితిని. అందరును శ్రద్ధగా వినిరి. చివర ఆ ఇంటి ఇల్లాలు, అప్పుడే మిరప చేనినుండి వచ్చి తలగుడ్డ విప్పుకొనుచు, ఇట్లు అన్నది: “కంది ఎట్టా పండియ్యాలో చెప్పారు సారూ, బాగానే ఉంది. పండిన కందులన్నీ కూలి బాకీలకని కొట్టుకు పోయినయ్యి. ఇప్పుడు పప్పు కిలో కిలో లెక్కన అంగట్లో తెచ్చుకుంటన్నాం. తెచ్చినా మా బోరు నీళ్ళకి అది ఉడికి చావదు. తెల్లారి ఆరింటికల్లా చేలో ఉండాలి. దాని దగ్గర ఎంతసేపని కూర్చోను? పచ్చడేసుకొని పోతన్నాం.”

ఆనాడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. నేను సస్యశాస్త్రము బోధించువాడను. కంది గింజ కళ్ళము చేరువరకు దాని సంగతి నాకు తెలియును. ఆ తరువాత అది ఏమగునో విచారించుట నా పని కాదనుకొంటిని. కాని పప్పు పండించిన ఇంటిలో పప్పు లేకపోవుట కూడ వ్యవసాయమునకు సంబంధించిన విషయమే. ఆహార శాస్త్రము తెలిసినవారిని అడిగి, మా ఇంటి పొయ్యిమీద చేసి చూచి, ఆ తల్లికి చెప్పవలసిన సమాధానమును ఇచ్చట వ్రాయుచున్నాను.

పప్పు లేని అన్నము

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు పూర్వము కృష్ణా జిల్లాలోని మెట్ట తాలూకాలు. 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనివి. ఇచ్చటి పెద్దలు జొన్నన్నము తిని పెరిగినవారు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది; 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ నీరు అందిన పొలములలో వరి పెరిగినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. నీరందని చేలలో ప్రత్తి, మిరప నిలద్రొక్కుకొన్నవి. వరియన్నము అందరికి అందుట మంచిదే, దానిని తప్పు పట్టరాదు. పండుగనాడు మాత్రమే తెల్లన్నము ఎరిగిన ముసలివారు నేటికిని మన మధ్య ఉన్నారు. చిక్కు ఎచ్చట వచ్చినదనగా, జొన్నలో అంతరపంటగా వేయుచుండిన కంది కూడ జొన్నతోపాటు చాలవరకు చేను విడిచినది. జొన్నన్నములోనికి తప్పక ఉండిన పప్పు, తెల్లన్నములోనికి ఐచ్ఛికమైనది. తెల్లన్నమును పచ్చడితోనైనను మ్రింగవచ్చును గదా!

ఆవకాయను, గోంగూర పచ్చడిని నేను నిందించుటలేదు. అవి లేనిదే నాకును ముద్ద దిగదు. కాని పచ్చడి అన్నమునకు రుచి నిచ్చునే గాని, అన్నములో లేని దానిని పూరించలేదు. బియ్యములో మాంసకృత్తులు నూటికి 7, 8 వంతులు మాత్రమే. కందిపప్పులో సుమారు 22 వంతులు. అదియునుగాక బియ్యపు మాంసకృత్తులలో లైసిను అను పదార్థము కొరవ. పప్పులో అది మెండు. పప్పులో కొరవగా నున్న మిథియోనిను బియ్యములో తగినంత ఉన్నది. రెండును ఒకే విస్తరిలో కలిసినప్పుడు ఒకదాని లోటు మరొకటి తీర్చును. పప్పన్నము తినుమని మన పెద్దలు చెప్పినది రుచికొరకు మాత్రమే కాదు.

ఇక ఆకుకూర మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రములో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె ఎక్కువమంది రక్తహీనతతో ఉన్నారు. మిరప కోతలో మధ్యాహ్నమునకే కళ్ళు తిరుగుచున్నవని చెప్పు స్త్రీలను మీరు ఎరుగుదురు. ఎండ దెబ్బయని సరిపెట్టుకొందుము. ఎండ కొంత కారణము కావచ్చును, కాని రక్తము తక్కువైన శరీరమునకు అదే ఎండ రెట్టింపు భారమగును. అట్టివారు ఆరోగ్య కేంద్రములో రక్తపరీక్ష చేయించుకొని, ఇచ్చు ఐరను మాత్రలు మానక మ్రింగవలెను. వంట మాత్రకు బదులు కాదు. మాత్ర మానిన తరువాత మరల పడిపోకుండ నిలుపుటకు వంట కావలెను.

మరల జొన్నకే పోవుదమని కొందరందురు. జొన్న మంచి ధాన్యమే. వారములో కొన్ని పూటలు జొన్నరొట్టె తినుట మేలు. అయితే జొన్నమీదనే బ్రతికిన కాలము స్వర్ణయుగమని భ్రమపడరాదు. 1958లో కూనూరునుండి హైదరాబాదుకు తరలి వచ్చిన పోషణ పరిశోధనశాల (1969 నుండి దీనిని జాతీయ పోషకాహార సంస్థ అనుచున్నారు) వారు, దక్కను ప్రాంతములో జొన్న తప్ప వేరెరుగని పేదలలో ‘పెల్లాగ్రా’ అను జబ్బును చూచిరి. ఎండ తగిలిన చోట చర్మము నల్లబడి పొలుసులు లేచును, విరేచనములు పట్టుకొనును, మతి చెదరును. జొన్నలో అధికముగా నున్న లూసిను దీనికి కారణమై యుండునని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా 1960లో ప్రకటించిరి. పప్పు, పాలు, కూరలు తోడుగా తినువారికి ఆ భయము లేదు. కావున బియ్యమా, జొన్నయా అను వాదముకంటె ప్రక్కన ఏమున్నదను ప్రశ్న ముఖ్యము.

ఇంటికి ఎన్ని కందులు?

పెద్దవారికి రోజుకు 85 గ్రాముల పప్పుధాన్యములు ఉండవలెనని జాతీయ పోషకాహార సంస్థ సూచన. భార్యాభర్తలు, ఒక ముసలి తల్లి, ఇద్దరు పిల్లలు గల ఇంటికి, పిల్లలకు తలకు 50 గ్రాములు లెక్క వేసినను, రోజుకు 350 గ్రాములకు పైమాట. సంవత్సరమునకు సుమారు 128 కిలోలు. ఇందులో సగము కందిపప్పు, మిగిలినది పెసలు, మినుములు అనుకొందము. 65 కిలోల కందిపప్పు కావలెనన్న, కందులలో మూడింట రెండు వంతులు పప్పు దిగును గనుక, ఒక క్వింటాలు కందులు చాలును. వానితో 40 కిలోల పెసలు, 25 కిలోల మినుములు.

ఒక్క క్వింటాలు! ఎకరమో అరెకరమో కంది వేసిన ఇంటికి ఇది మోయలేని భారము కాదు. అయినను కళ్ళములో కూలి బాకీ, ఎరువుల బాకీ గుర్తుకు వచ్చి గింజ మిగులనీయము. పంట కాలములో తక్కువ ధరకు అమ్మిన గింజనే పప్పుగా మారిన తరువాత చిల్లరగా ఎక్కువ ధరకు కొందుము. మధ్య వ్యయము, లాభము అన్నియు మన జేబునుండియే పోవును. నా అభిప్రాయములో కాటా వేయుటకు ముందే ఇంటి బస్తా వేరుచేయవలెను. కాటా అయిన తరువాత మిగిలినది తీసికొందమన్న మాట ఏ ఇంటిలోను నెరవేరగా నేను చూడలేదు.

కంది సొంతముగా లేనివారు ప్రత్తి చేను చుట్టు రెండు సాళ్ళు కంది వేసికొనవచ్చును. అయితే మందులు కొట్టునపుడు ఆ సాళ్ళమీద కూడ పడునని మరువరాదు. మందు డబ్బాపై వ్రాసిన గడువు దాటిన తరువాతనే కోయవలెను.

కందులను మూడు మంచి ఎండలలో ఎండబెట్టి, చల్లారిన తరువాత గాలి చొరని డబ్బాలలో పోయవలెను. వేడిమీద పోసిన లోపల చెమ్మ పట్టును. గింజలుగానే నిలువచేయదలచిన, క్వింటాలుకు అర లీటరునుండి లీటరు వంటనూనె పట్టించిన పుచ్చు పురుగు గ్రుడ్లు పెట్టుట తగ్గును. బద్దలుగా చేసిన పప్పునకు ఈ పురుగు బాధ గింజకంటె తక్కువ. ధాన్యపు గోదాములలో వాడు విషపు బిళ్ళలను ఎట్టి పరిస్థితిలోను ఇంటిలోని డబ్బాలలో వేయరాదు. వానినుండి వెలువడు వాయువు నిద్రించుచున్నవారి ప్రాణము తీయును.

పప్పు ఎందుకు ఉడకదు?

ఆ తల్లి అడిగిన దానిలో అసలు చిక్కు ఇదే. పప్పు ఉండియు ఉడకనిచో పచ్చడికే పోవలసి వచ్చును.

జగ్గయ్యపేట పరిసరములలో నేల క్రింద సున్నపురాయి విస్తారముగా ఉన్నది. జయంతిపురములోను, ముక్త్యాలలోను సిమెంటు కర్మాగారములు వెలసినది ఈ రాతి మూలముననే. ఆ రాతిమీదుగా ఊరిన బోరు నీటిలో సున్నము కరిగి ఉండును. అట్టి నీటిని కఠినజలము అందురు. దానిలో సబ్బు నురగ కట్టదు. పప్పు గింజలో కణములను అంటిపెట్టుకొని పెక్టిను అను జిగురు పదార్థము ఉన్నది. మంచి నీటిలో మరిగినపుడు ఈ జిగురు కరిగి, కణములు విడిపోయి, పప్పు మెత్తబడును. నీటిలో సున్నమున్నచో అది ఆ జిగురును పట్టుకొని గట్టిపరచును. ఎంతసేపు మంట పెట్టినను పప్పు పలుకులుగానే ఉండును. దోషము పప్పుది కాదు, పొయ్యిది కాదు, ఇల్లాలిది అంతకంటె కాదు.

దీనికి ఉపాయము సులభము. రాత్రి వంట అయిన తరువాత, మరునాటి పప్పుకు కావలసిన నీటిని ఒక గిన్నెలో పది నిమిషములు తెర్ల కాచి మూతపెట్టి ఉంచవలెను. తెల్లవారునప్పటికి అడుగున తెల్లని పొర పేరుకొనును. అదియే నీటిలోని సున్నము. పైన తేరిన నీటిని మాత్రము వంచుకొని పప్పునకు వాడవలెను. ఒకే పప్పును గుప్పెడు కాచిన నీటిలోను, గుప్పెడు పచ్చి నీటిలోను ప్రక్కప్రక్కన ఉడికించి చూడుడు; ఎవరును చెప్పనక్కరలేదు. కొన్ని బోర్ల నీటిలోని కఠినత్వము కాచినను పోదు. అట్టిచోట త్రాగుటకు కొను క్యాను నీరు లీటరున్నర పప్పునకు కేటాయించిన చాలును. ఒక హెచ్చరిక: కాచుటవలన సున్నము తగ్గునుగాని ఫ్లోరైడు తగ్గదు. ఫ్లోరైడు ఉన్నదని తేలిన బోరు నీటిని కాచియైనను వంటకు వాడరాదు.

చింతపండు కూడ ఇట్టి పనియే చేయును. పులుపు తగిలిన పప్పు మెత్తబడదు. కావున పప్పు పూర్తిగా ఉడికిన తరువాతనే పులుసు పోయవలెను. త్వరగా ఉడుకుటకై తినే సోడా వేయు అలవాటు కొన్ని ఇండ్లలో ఉన్నది. ఉడుకుట నిజమే గాని, దానిలోని థయమిను అను బి-విటమిను సోడాకు నశించును. ఏండ్లతరబడి వేడిలో నిలువ ఉన్న పాతపప్పు కూడ మొండికేయును. కందులకు నీరు, ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి విసరిన పప్పుకంటె, నూనె పట్టించి పొడిగా ఆడించిన పప్పు త్వరగా ఉడుకును. ఇంటికొరకు ఆడించుకొనువారు ఈ భేదమును గమనించవలెను.

తెల్లవారుజామున

పైన చెప్పిన అయిదుగురికి ఒక పూటకు కందిపప్పు 200 గ్రాములు తీసికొని రెండుసార్లు కడిగి, తేర్చిన నీటిలో నానబెట్టవలెను. గంటసేపు నానిన చాలును. రాత్రి నానబెట్టినను తప్పులేదుగాని వేసవిలో పులియును, అప్పుడు తెల్లవారి లేచిన వెంటనే నానబెట్టుడు. పప్పునకు మూడింతల నీరు, పసుపు, చెంచాడు నూనె వేసి ప్రెషర్ కుక్కరులో నాలుగు కూతలు రానిచ్చి దింపవలెను. ఇంతలో రెండవ పొయ్యిమీద అన్నము ఉడుకును, చేతిక్రింద ఆకుకూర తరుగుట అగును. ఆవిరి తగ్గిన తరువాత మూత తీసి, అర కిలో తోటకూరయో చుక్కకూరయో, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక ఉల్లిపాయ వేసి అయిదు నిమిషములు మగ్గనిచ్చిన చాలును. ఆకును ముందుగా కడిగి తరువాత తరగవలెను. తరిగిన తరువాత కడిగినచో సారము నీటిలో పోవును. పిదప నిమ్మకాయంత చింతపండు రసము, ఉప్పు. చుక్కకూర, గోంగూర అయినచో చింతపండు అక్కరలేదు. నూనెలో ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిరప, కరివేపాకు తాలింపు. ఈ తాలింపు వాసనకొరకే కాదు. ఆకులోని కెరోటిను శరీరమునకు పట్టుటకు కొంచెము నూనె అవసరము.

నేను గడియారము పెట్టుకొని చూచితిని. నీరు, పప్పు రాత్రియే సిద్ధముగా ఉన్నచో, పొయ్యి వెలిగించినది మొదలు తాలింపు వరకు నలుబది నిమిషములు. మా ఇంట ఇరువురము ఉద్యోగస్థులము. రాత్రి నీరు కాచుట, పప్పు కడిగిపెట్టుట నా వంతు. మొదటి వారము నన్ను చూచి మా తల్లిగారు నవ్విరి. ఇప్పుడు నీరు కాచితివా అని ఆమెయే అడుగుచున్నారు. నాగలి పట్టిన చేతికి గిన్నె బరువు కాదు.

కందికి తీరికలేని నాడు పెసరపప్పు ఉన్నది. అది నానకపోయినను ఇరువది నిమిషములలో ఉడుకును. రాత్రి నానబెట్టిన పెసలను ఉదయము రుబ్బి వేసిన పెసరట్టు పిల్లలకు బడికి ముందు మంచి ఫలహారము.

అన్నము విషయములో రెండు మాటలు. గంజి వార్చి పారబోయకుండ సరిపడు నీటితోనే వండవలెను. ఇటీవలి సంవత్సరములలో చౌకధరల దుకాణపు బియ్యములో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి-12 విటమిను చేర్చిన గింజలను కలుపుచు వచ్చినారు. కడుగునపుడు అవి పైకి తేలును. ప్లాస్టిక్ బియ్యమని కొందరు ఏరి పారవేయుచున్నారు. అవి బియ్యపు పిండితో చేసినవే. పారవేయరాదు.

భోజనములో ఒక నిమ్మబద్ద పిండుకొన్నచో ఆకుకూరలోని ఇనుము చక్కగా ఒంటబట్టును. భోజనమైన వెంటనే టీ త్రాగినచో ఆ మేలు పోవును. చేనిలో టీ మానుమని నేను చెప్పినను ఎవరును వినరు గనుక, గంటసేపు ఆగి త్రాగుడని మాత్రము చెప్పుచున్నాను. ఉప్పు, పచ్చడిలోనిది కూడ కలుపుకొని, మనిషికి రోజుకు 5 గ్రాములు మించరాదు. అనగా అయిదుగురు గల ఇంటిలో కిలో ఉప్పు 40 రోజులు రావలెను.

క్యారేజీలో అన్నము వేడిమీద బిగించినచో మధ్యాహ్నమునకు పాచివాసన వచ్చును. పళ్ళెములో ఆరనిచ్చి సర్దవలెను. పప్పు గట్టిగా ఉంచవలెను. మిరప కోసిన చేతులకు మందు అంటి ఉండును గనుక సబ్బుతో కడుగుకొనకుండ ముద్ద కలుపరాదు. మందు డబ్బాలను ఎంత కడిగినను వానిలో నీరు తేరాదు, పప్పు పోయరాదు.

మరియొక సంగతి పురుషులతో చెప్పవలసినది. ఇల్లాలు చివర తినును. అప్పటికి గిన్నెలో పప్పు అడుగంటును. ఆమె పచ్చడితో సరిపెట్టుకొనును. వంట దింపిన వెంటనే ఆమె క్యారేజీ ముందు సర్దినచో ఈ తగవు లేదు.

ఆకుకూర ఎచ్చటనుండి?

రోజుకు అర కిలో ఆకుకూర సంతలో కొనుట చాల ఇండ్లకు కుదరదు. బావి దగ్గరనో పెరటిలోనో ఒక సెంటు నేల చాలును. దానిని నాలుగు మడులుగా చేసి, వారమునకొక మడిలో తోటకూర విత్తనమును ఇసుకతో కలిపి పలుచగా చల్లవలెను. 25, 30 రోజులలో మొదటి మడి కోతకు వచ్చును. కోసిన మడిలో పశువుల ఎరువు వేసి మరల చల్లవలెను. ఒక మడి గట్టున గోంగూర వేసిన, కొనలు త్రుంచినకొలది చిగిర్చును. వంటింటి నీరు పోవు చోట ఒక మునగ, ఒక కరివేపాకు మొక్క. మునగాకు పప్పులో వేసినచో ఇనుము, సున్నము సమృద్ధిగా లభించును. చేలలో దానంతట అది మొలచు గంగవాయిలి, పొన్నగంటి కూడ మంచి కూరలే. కాని మిరప, ప్రత్తి చేలలోనివి కోయరాదు. వానిపై పడిన మందు ఎంతయో మనకు కనబడదు. ఈ మడులు వేసికొను విధము తెలియగోరువారు గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రములో విచారింపవచ్చును.

ఫాల్గుణములో మరల ఆ ఇంటికి వెళ్ళితిని. కాచి తేర్చిన నీటితో పప్పు ఉడుకుచున్నదని ఆ తల్లి చెప్పినది. గిన్నె అడుగున పేరిన తెల్లని పొరను తెచ్చి చూపినది. పప్పు మాత్రము ఇంకను అంగడిదే. వచ్చే పంటకు కాటా వేయుటకు ముందే ఒక బస్తా కుట్టి ఇంటిలో పెట్టెదనని యజమాని అన్నాడు. “పెట్టకపోతే కాటా కాడికి నేనే వస్తా సారూ” అని ఆమె లోపలినుండి అన్నది.